డైరీ రాస్తే నా ఒంటి మీద నాకే కోపం పెరుగుతోంది

ప్రశ్న: మేడం, నాకు 27 ఏళ్లు. మాది నంద్యాల. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) వచ్చాక రెండేళ్లలో 11 కిలోలు పెరిగాను. ఊరెళ్తే బస్సు దిగీదిగకముందే "ఏంటే, ఇంత ఒళ్లు చేశావు" అంటారు. పోయిన సంక్రాంతికి పెళ్లిచూపులకొచ్చిన వాళ్లు "ఫొటోలో సన్నగా ఉందే అమ్మాయి" అని మధ్యవర్తితో చెప్పించారు. అప్పటినుంచి అద్దం చూడాలంటే టెన్షన్. కౌన్సిలర్ దగ్గరికి వెళ్తున్నాను, ఆవిడ జర్నలింగ్, అంటే మనసులోది డైరీలో రాసుకోవడం, చేయమన్నారు. మూడు వారాలు రాశాను. వెనక్కి తిప్పి చూస్తే ప్రతి పేజీలో బరువెంత, ఏం తిన్నాను, ఎంత అసహ్యంగా ఉన్నాను, ఇవే. రాసిన రాత్రి నిద్ర పట్టట్లేదు. ఆవిడకు చూపించాలంటే సిగ్గు, రూమ్మేట్ చదివేస్తుందేమోనని భయం. మానేయనా?

జవాబు: రాయడం మానకండి, కానీ ఇలా రాయడం మాత్రం ఈ రాత్రి నుంచే ఆపేయండి. ఊళ్లో వాళ్లు ఒకసారి అని మర్చిపోయిన మాటను మీరు మూడు వారాలుగా రోజూ మీ చేత్తో మళ్లీ రాసుకుంటున్నారు, అది కూడా పడుకునే ముందు, ఇక నిద్రెలా పడుతుంది? ఆ పెళ్లిచూపుల మాట చదివి నాకైతే చాలా కోపం వచ్చింది. పీసీఓఎస్‌లో బరువు పెరగడం వెనక హార్మోన్లు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఉంటాయి, మీ బద్ధకం కాదు. ఇది మీకు తెలిసే ఉంటుంది, అయినా మీ డైరీలో ఎక్కడా రాసి ఉండరని నా అనుమానం.

బాధను కాగితం మీద పెడితే మేలు జరుగుతుందా అని మొదట పరీక్షించి చూసినవాళ్లలో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒకరు. 1986లో ఆయన ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు రాసింది రోజుకు 15 నిమిషాలు, వరుసగా నాలుగు రోజులు, అంతే. రాసిన వెంటనే వాళ్లకూ మనసు బరువెక్కింది, కాబట్టి కాసేపు దిగులుగా ఉంటే కంగారు పడక్కర్లేదు. అయితే ఆయన తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. రోజులు గడిచేకొద్దీ "ఎందుకంటే", "ఇప్పుడు అర్థమైంది" లాంటి మాటలు ఎవరి రాతలో పెరిగాయో, ఎక్కువ మేలు వాళ్లకే జరిగింది. మీ పేజీల్లో మొదటి రోజు మాటే ఇరవయ్యో రోజూ ఉంది, గానుగెద్దులా మనసు అక్కడక్కడే తిరుగుతోంది.

థెరపీలో వాడే పద్ధతి వేరు. అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలో, అంటే మన ఆలోచనలు ఎంతవరకు నిజమో పరీక్షించి చూసుకునే చికిత్సలో, ఒక్క సంఘటన తీసుకుని విడదీసి రాస్తారు. మీ విషయంలో ఇలా ఉండొచ్చు: "శనివారం, ట్రయల్ రూమ్. ఎల్ సైజు కుర్తీ పట్టలేదు. మనసు అంది: నన్నెవరూ చేసుకోరు. ఆ క్షణంలో వందకి 90 నమ్మాను. కొనకుండా వచ్చేశాను, రాత్రి అన్నం మానేశాను." ఇక్కడితో ఆపితే మళ్లీ తిట్టే మిగులుతుంది, అందుకే దాని కిందే ఇంకో నాలుగు లైన్లు రాయాలి: కుర్తీ పట్టకపోవడానికీ పెళ్లికీ సంబంధమేంటి, ఒక్కో బ్రాండ్‌కి ఎల్ ఒక్కోలా ఉండదా, ఇదే నా చెల్లెలికి జరిగితే నేనేమనేదాన్ని. అప్పుడు ఆ 90 ఎంతకు దిగిందో చూడండి. 70 అయినా చాలు. "నేను చాలా అందంగా ఉన్నాను" అని నమ్మకం లేకుండా వందసార్లు రాయకండి, మనసు ఒప్పుకోదు, పైగా ఎదురు తిరుగుతుంది.

ఇంకొకటి, నాకు బాగా నచ్చినది. నెదర్లాండ్స్‌లో జెస్సికా అలేవా, ఆమె సహచరులు 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. తమ ఒంటి మీద అసంతృప్తి ఉన్న ఆడపిల్లల చేత, ఒళ్లు ఎలా కనిపిస్తుందో వదిలేసి అది ఏమేం చేస్తుందో మూడుసార్లు రాయించారు. వేరే విషయాలు రాసినవాళ్లతో పోలిస్తే వీళ్లకు తమ ఒంటి మీద తృప్తి పెరిగింది. మీరూ రాసి చూడండి. 500డి బస్సులో సిల్క్ బోర్డ్ దాకా నిలబడి వెళ్లిన కాళ్లు, పీజీలో లిఫ్ట్ ఆగిపోయిన రోజు వాటర్ క్యాన్ మూడంతస్తులు మోసిన భుజాలు, పండక్కి వాకిలి నిండా ముగ్గేసిన నడుము, అమ్మమ్మ తల నిమిరిన చెయ్యి. అవి ఎందుకు ముఖ్యమో కూడా రాయాలి, పని అంతా అక్కడే ఉంది.

బరువు, ఏం తిన్నారు అన్నవి డైరీలోంచి తీసేయండి. పీసీఓఎస్ డాక్టర్ అడిగితే వేరే కాగితం మీద రాసుకోండి. వారానికి మూడుసార్లు చాలు, ఆఫీసు నుంచి వచ్చాక, అలారం పెట్టుకుని 15 నిమిషాలు, మంచం మీద మాత్రం వద్దు. రూమ్మేట్ భయం ఉంటే ఫోన్‌లో లాక్ ఉన్న నోట్స్‌లో రాయండి, లేదా విడి కాగితాల మీద రాసి సెషన్ అయ్యాక చింపేయండి.

కౌన్సిలర్‌కి అన్నీ చూపించనక్కర్లేదు, ఒక్క పేజీ చాలు. అదీ కష్టమైతే "రాస్తుంటే నాకు ఎక్కువైపోతోంది" అని ఆ ఒక్క మాట చెప్పండి. ఎలా రాయాలో మార్చి చెప్పడం ఆవిడ పని, మీరు చెప్పకపోతే ఆవిడకు తెలిసే దారి లేదు. అన్నం మానేయడం తరచూ జరుగుతున్నా, తిన్నది కక్కేయాలనిపిస్తున్నా, రోజూ గంటలు అద్దం దగ్గరే పోతున్నా, బతకాలని లేదనిపించినా డైరీ మీద ఆధారపడకండి. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కి వెళ్లొచ్చు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: మేము యలహంకలో ఉంటాం. మా అమ్మాయి పదో తరగతి. దాని నోట్‌బుక్‌లో "నేను లావు, నల్ల, నాకు నేనే నచ్చను" అని రాసుకుంది. దానికి తెలియకుండా చదివాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఇంకో పేజీ తిప్పకండి. చదివానని మీరే చెప్పేయండి, "తప్పు చేశానమ్మా, కానీ చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు" అని. వెంటనే "నువ్వేం లావు కాదులే" అని కొట్టిపారేయకుండా, ఎవరన్నారు, ఎప్పుడన్నారు అని అడిగి వినండి. ఎక్కువసార్లు ఆ మాట మన ఇంట్లోంచే వచ్చి ఉంటుంది. అన్నం దగ్గర ఎవరి ఒళ్లు, ఎవరి రంగు గురించీ మాటలొద్దని మీ ఆయనకూ, అత్తయ్యగారికీ ఈ వారమే చెప్పండి. లంచ్ బాక్స్ అలాగే తిరిగొస్తుంటే పరీక్షలయ్యేదాకా ఆగకండి, ముందు డాక్టర్‌కి చూపించండి. ఆ నోట్‌బుక్ మాత్రం దాని దగ్గరే ఉండనివ్వండి.