ఇంకో మూడు వారాలల్ల గ్యాస్ట్రిక్ బ్యాండ్ ఆపరేషన్ ఉంది, ఎట్ల తయారు కావాలె?

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. నీది మిర్యాలగూడ, 33 ఏండ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు, షుగర్ ఉంది, హైదరాబాద్‌ల బ్యాండ్ వేస్తమని తారీఖు ఇచ్చిన్రు. ముందు ఏం చేసుకోవాలె, ఎన్ని రోజులకు లేచి తిరుగుత, జొన్న రొట్టె మళ్ల తినొచ్చా అని అడిగినవ్. నాది నల్లగొండ, గవర్నమెంట్ బడిల టీచర్‌ను. నాకు 2013ల బ్యాండ్ వేసిన్రు. అప్పుడు 158 సెంటీమీటర్ల ఎత్తుకు 112 కిలోలు ఉన్న. రెండేండ్లకు 84కు వచ్చిన, ఇప్పటికీ అటూఇటూ అక్కడే ఉన్న. నేను డాక్టర్‌ను కాదు. నాకు అయింది, ఒకటికి పదిసార్లు అడిగి తెలుసుకున్నది చెప్తున్న.

ముందుగాల ఈ సంగతి ఆలోచించు. ఆపరేషన్ ఒక్క పూట పని. బ్యాండ్‌తోని సంసారం ఏండ్ల తరబడి ఉంటది. కడుపు పైభాగం చుట్టూ వేసే సిలికాన్ రింగు అది. దాని పైన చిన్న సంచి లెక్క మిగులుతది, 15 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు పెద్ద చెంచాలు. రింగుకు ఒక సన్నటి పైపు, ఆ పైపు చివర పొట్ట చర్మం కింద రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగ పోర్టు ఉంటది. ఆ పోర్టుకు సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తే రింగు బిగుసుకుంటది, తీస్తే వదులైతది. ఆపరేషన్ అయిన రోజు రింగు దాదాపు ఖాళీగనే ఉంటది. మొదటి ఫిల్లింగ్ ఆరు వారాలకు. ఆ తర్వాత కొంచెం కొంచెంగ, సరిపోయిందనేదాక. మొదటి ఏడాది నేను ఏడుసార్లు హైదరాబాద్ పోయిన. నల్లగొండ నుంచే వంద కిలోమీటర్లు, నీకు ఇంకో నలభై ఎక్కువ. ఒక్కో ఫిల్లింగ్‌కు వేరే బిల్లు అని నాకు ముందు ఎవ్వరూ చెప్పలే, మొదటిసారి కౌంటర్ దగ్గర నిలబడ్డంకనే తెలిసింది. మా ఆయన జేబులున్నయన్నీ ఏరి కట్టిండు.

అందుకే తారీఖు దగ్గరపడే లోపల మీ సర్జన్‌ను నేరుగ అడుగు: నాకు స్లీవ్ (కడుపును కోసి చిన్నగ చేసే ఆపరేషన్) కాకుండ బ్యాండే ఎందుకు? ఫిల్లింగులు ఎవరు చేస్తరు, ఒక్కోదానికి ఎంత? రేపు జారితేనో, తీసేయాల్సి వస్తేనో ఆ ఖర్చు ఎవరిది? 2001ల అమెరికాల మందులు, వైద్య పరికరాలకు పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ దీనికి సరే అన్నంక కొన్నేండ్లు బ్యాండ్ మస్తు నడిచింది. తర్వాత బాగ తగ్గి, ఇప్పుడు ఎక్కువ మందికి స్లీవ్ చేస్తున్నరు. స్లీవ్‌ల కడుపును 75–80 శాతం కోసి తీసేస్తరు, అది మళ్ల రాదు. బ్యాండ్‌ల ఏదీ కోసెయ్యరు, అవసరమైతే తీయొచ్చు. కానీ బరువు మెల్లగ తగ్గుతది, కొందరికి ఏండ్లకు జారడమో, కడుపు గోడలకు ఒరుసుకుపోవడమో అయి రెండో ఆపరేషన్ పడతది. నా అభిప్రాయం అడిగితే, ఏడాదిల ఏడెనిమిదిసార్లు పోయి రాలేని ఇంటికి బ్యాండ్ సరిపడదు. ఇది గట్టిగ చెప్తున్న.

ఇన్సూరెన్స్ ఉంటే ఇప్పుడే రాసి పెట్టు. 18 ఏండ్లు నిండాలె, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతున్నదనే లెక్క) 40 దాటాలె, లేకపోతే 35 దాటి షుగర్ కంట్రోల్ కాకపోవడం, గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రల ఊపిరి ఆగి ఆగి ఆడుడు) లాంటిది ఉండాలె. డైటు, మందులతోని ప్రయత్నం చేసినట్టు కాయితాలు కూడా అడుగుతరు. నీ లెక్క 41కి దగ్గర వస్తది, కాబట్టి పాత ప్రిస్క్రిప్షన్లు పారెయ్యకు.

ఎండోస్కోపీ, స్కానింగు, ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) అన్నీ వాళ్లే రాస్తరు. గురక ఎక్కువుంటే దాచకుండ చెప్పు, మత్తు డాక్టర్‌కు అది చాలా అవసరం.

ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి డైటు పెడతరు. బరువు ఎక్కువున్నోళ్లకు లివర్‌ల కొవ్వు చేరి ఉబ్బి ఉంటది, సరిగ్గ కడుపు మీదికే ఒరిగి ఉంటది. సర్జన్ దాన్ని పైకి లేపి పట్టుకుంటేనే కింద పని చేయగలడు. అన్నం, రొట్టె, చక్కెర బంద్ చేస్తే రెండు వారాలల్ల లివర్ చిన్నగైతది. నాకు ఇచ్చిన చార్టుల ఓట్సు, బ్రొకోలి రాసిన్రు. నల్లగొండ మార్కెట్‌ల ఆ రోజుల్ల బ్రొకోలి యాడ దొరుకుతది? డైటీషియన్‌కు ఫోన్ చేసి మన తిండితోని మార్పించుకున్న: పొద్దుగాల వెన్న తీసిన పాలు, రెండు గుడ్లు, పగటికి పెసరపప్పు, సొరకాయనో బీరకాయనో, పల్చటి మజ్జిగ. నువ్వూ అట్లనే అడుగు.

ఇక్కడ నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. అన్నం బంద్ చేసిన, షుగర్ గోళీ మాత్రం పాత లెక్కనే వేసుకున్న. మూడో రోజు పొద్దున ప్రార్థన టైంల, పిల్లల ముందర, కాళ్లు వణికి చెమటలు పట్టి జెండా కట్ట పట్టుకుని కూలబడ్డ. చూస్తే షుగర్ 62కు పడిపోయింది. గ్లిమెపిరైడ్ లాంటి గోళీలు వేసుకుంటుంటే డైటు మొదలుపెట్టే రోజే డోసు ఎంత తగ్గించాల్నో అడుగు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ గోళీలు అయితే ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపిస్తరు, మీ మత్తు డాక్టర్‌కు ఆ పేరు తప్పకుండ చెప్పాలె. రక్తం పల్చబడే మందులున్నా అంతే.

ఇగ నీ చేతుల ఉన్న పెద్ద పని తినుడు నేర్చుకునుడు. ఇయ్యాల్టి నుంచే మొదలుపెట్టు. మన దగ్గర కంచం పక్కన చెంబెడు నీళ్లు పెట్టుకుని, పప్పన్నం నాలుగు పెద్ద ముద్దలు మింగి, నీళ్లతోని లోపలికి తోసుడు అలవాటు. మా బడిల భోజనం బెల్లు కొట్టినంక పది నిమిషాలల్ల నా డబ్బా ఖాళీ అయ్యేది. బ్యాండ్ పడ్డంక అట్ల తింటే అక్కడికక్కడే ఆగిపోతది. చిన్నపిల్లల చెంచా కొనుక్కో. ఒక్క చెంచా నోట్ల పెట్టుకుని, చెంచా కింద పెట్టి, అది గంధం లెక్క అయ్యేదాక, ఇరవై ముప్పైసార్లు నమలు. మింగినంక మళ్ల చెంచా పట్టు. చెంబు వంటింట్లనే వదిలిరా. తినే ముందర కొద్దిసేపు, తిన్నంక అరగంట నీళ్లు ముట్టొద్దు. మొదట్ల నాకు దవడలు గుంజేవి, ఏడుపు వచ్చేది. ఆపరేషన్ నాటికి అలవాటైంది, తర్వాత అదే నన్ను కాపాడింది.

ఆపరేషన్ గురించి ఎక్కువ భయపడకు. నాలుగైదు చిన్న రంధ్రాలు, అంతే. నాకు పొట్ట కంటే ఎడమ భుజం ఎక్కువ నొచ్చింది. లోపల నింపే గ్యాస్ వల్ల అట్ల అయితదన్నరు, రెండు మూడు రోజులకు పోయింది. ఆ మాపటికే లేపి నడిపించిన్రు. నడుసుడు బద్ధకించకు, కాళ్లల్ల రక్తం గడ్డకట్టకుండ అదే కాపాడతది. ఇంటికొచ్చేటప్పుడు పొట్టకు, సీటు బెల్టుకు మధ్యల మెత్త పెట్టుకో. మేం చౌటుప్పల్ దగ్గర ఒకసారి, నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి దిగి పది నిమిషాలు నడిచినం.

మొదటి రెండు వారాలు నీళ్ల లాంటివే. దగ్గు మందు సీసా మూతతోని గుటక గుటక తాగిన: వడగట్టిన పప్పు కట్టు, పల్చటి మజ్జిగ, కొవ్వు తీసేసిన బొక్కల సూప్, డాక్టర్ రాసిన ప్రోటీన్ పొడి. తర్వాత రెండు వారాలు గుజ్జు లెక్క మెత్తగ చేసినవి, ఆ తర్వాత మెత్తటి తిండి, ఆరు వారాలు దాటినంక గట్టిది. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తగ్గొద్దన్నరు. ఒక గుడ్డుల ఆరు గ్రాములే కాబట్టి లెక్క రాసుకోవాల్సి వచ్చేది. మల్టీవిటమిన్ గోళీ రోజూ ఉంటది. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింకులు మొత్తానికే వద్దు.

మా అత్తమ్మ నాలుగో రోజున అన్నం గంజిల నెయ్యేసి తెచ్చి, "గింత తాగు బిడ్డా, పానమొస్తది" అన్నది. ప్రేమతోనే అన్నది. మీ ఇంట్ల కూడా అట్లనే అయితది. చార్టు ముందే తెలుగుల రాసి వంటింటి గోడకు అంటించు. అత్తమ్మను ఒక్కసారన్నా డైటీషియన్ దగ్గరికి తీసుకపో.

నేను మూడో వారంల బడికి పోయిన, కూర్చుని పాఠం చెప్పిన. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లలను ఎత్తుడు ఆరు వారాల దాక వద్దు.

ఇంకొకటి ఎవ్వరూ చెప్పరు. మూడో వారం నుంచి మొదటి ఫిల్లింగ్ దాక ఆకలి మళ్ల పాత లెక్కనే వస్తది. నొప్పి తగ్గింది, రింగు ఇంకా ఖాళీగ ఉంది, పెట్టింది పెట్టినట్టు దిగుతది. నేను డబ్బులన్నీ మట్టిల పోసినం అని రాత్రి మా ఆయన దగ్గర ఏడ్చిన. అది ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు, బ్యాండ్ పని ఇంకా మొదలే కాలేదన్నట్టు.

పని మొదలైనంక ఏమైతదో కూడా విను. మూడో ఫిల్లింగ్ తర్వాత మా చిన్నమ్మ కొడుకు పెండ్లి. బగారన్నం, మటన్. అందరితోని మాట్లాడుకుంట ఒక ముక్క సరిగ్గ నమలకుండనే మింగిన. నిమిషం గడవలే, రొమ్ము నడుమ పిడికిలి పెట్టి నొక్కినట్టయింది. నోట్ల ఉమ్మి ఊరుడు ఆగలే, తెల్లగ నురుగు నురుగు. టెంటు వెనకాల, గిన్నెలు తోమే కాడ నిలబడి నలభై నిమిషాలు ఉమ్మిన. చిన్నమ్మ గ్లాసుల నీళ్లు తెస్తే వద్దని చేయి ఊపిన, ఎందుకంటే నీళ్లు పోస్తే అవి కూడా పైనే ఆగి ఇంకా నొప్పి లేస్తది. చివరికి ముక్క పైకే వచ్చింది. అట్ల అయినంక లోపల వాచి ఉంటది, ఒక రోజు మొత్తం నీళ్ల లాంటివే తీసుకోవాలె. దావత్‌లకు నేనిప్పుడు ఇంట్ల కొంచెం తిని పోత.

బిగుతు ఎక్కువైనా చెడ్డదే. ఐదో ఫిల్లింగ్ తర్వాత రాత్రి పండుకుంటే పొడి దగ్గు, గొంతుల పులుపు, మూడో రోజుకు నీళ్లు కూడా దిగలే. ఊర్ల ఆస్పత్రికి పోతే ఆ పోర్టుకు వాడే సూది లేదన్నరు. మామూలు సూదితోని గుచ్చితే పోర్టు చెడిపోతది, దానికి హ్యూబర్ సూది అని వేరే ఉంటది. రాత్రికి రాత్రి కారుల హైదరాబాద్ పోతే రెండు నిమిషాలల్ల కొంచెం సెలైన్ తీసిన్రు, అక్కడే కూర్చుని గ్లాసెడు నీళ్లు తాగిన. అందుకే బ్యాండ్ కంపెనీ, సైజు, ఎంత ఎక్కించిన్రో రాసిన కార్డు పర్సుల పెట్టుకో, ఫోటో మీ ఆయన ఫోన్‌ల పెట్టు. వాంతులు రోజుల తరబడి అయితుంటే బీ1 విటమిన్ పడిపోయి నరాల మీదికి వస్తది, ఆగొద్దు. జ్వరం, గుండె దడ, తగ్గని కడుపు నొప్పి, ఆయాసం, పిక్క వాపు, పోర్టు దగ్గర ఎర్రబడుడు ఏది కనబడ్డా ఆ పూటనే ఫోన్ చెయ్యి.

నొప్పి గోళీల సంగతి మన జిల్లావాళ్లకు ప్రత్యేకంగ చెప్పాలె. మాది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఊర్లు. ఇంటింటికీ కీళ్ల నొప్పులే, డబ్బాల డైక్లోఫెనాక్ గోళీలే. బ్యాండ్ ఉన్న కడుపుకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ పుండ్లు పెడతయ్. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే ముందు కూడా బ్యాండ్ ఉందని చెప్పు.

బ్యాండ్‌కు కళ్లు లేవు. గట్టి రొట్టెను ఆపుతది, పాయసాన్ని, ఐస్‌క్రీమ్‌ను, కల్లును ఆపదు. నాకు ఆరు నెలలు బరువు ఆగిపోయింది ఐస్‌క్రీమ్‌తోనే. నాలుగో నెలల జుట్టు కుచ్చులు కుచ్చులుగ ఊడుతది, మళ్ల వస్తది. పిల్లల ఆలోచన ఉంటే ఏడాది, ఏడాదిన్నర ఆగమంటరు, అప్పుడు బ్యాండ్ వదులు చేయించుకోవచ్చు.

జొన్న రొట్టె అడిగినవ్ కదా. నాకు తొమ్మిది నెలలు పట్టింది. మైదా బ్రెడ్డు, ముద్దగ ఉడికిన అన్నం ఇప్పటికీ పడవు, జొన్న రొట్టె మాత్రం పడుతది. పొద్దుమాపు పల్చటి రొట్టె సగం తుంచి పప్పుల నానేసి, చిన్న చెంచాతోని ఇరవై ఐదు నిమిషాలు తింట. మిగిలిన సగం మా ఆయన కంచంలకు పోతది.