డూడుల్‌బగ్ అంటే పురుగా, బాంబా?

లండన్ వాళ్ల యుద్ధకాలపు జ్ఞాపకాల్లో "డూడుల్‌బగ్ వచ్చింది" అని చదివారట, అదేం పురుగు, ఆ మాట ఇప్పుడూ వాడతారా అని అడిగారు. పురుగు కాదండీ, బాంబు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వదిలిన వీ-1కి అక్కడి జనం పెట్టిన పేరు.

చదువుకునే రోజుల్లో తూర్పు లండన్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ నోట ఈ మాట మొదటిసారి విన్నాను. 1944లో ఆవిడ చిన్నపిల్ల. ఓ సాయంత్రం టీ తాగుతుంటే వీధిలో పాత మోటార్‌సైకిల్ ఒకటి డుబుడుబుమంటూ వచ్చి సరిగ్గా మా గుమ్మం ముందు ఆగిపోయింది. కప్పులో తిప్పుతున్న ఆవిడ చెంచా కూడా ఆగిపోయింది. కాసేపటికి తేరుకుని, "డూడుల్‌బగ్ అలవాటు, ఇంకా పోలేదు" అని నవ్వింది.

వీ-1లో పైలట్ ఉండడు. దాదాపు 850 కిలోల మందుగుండు, వీపు మీద పల్స్‌జెట్ ఇంజిన్. ఆ ఇంజిన్ సెకనుకి 50 సార్ల దాకా టపటపా పేలుతూ నడిచేది కాబట్టి పెద్ద పురుగేదో రొదపెడుతున్నట్టు ఉండేదట, పేరు అందుకే అతికింది. ముక్కుకున్న బుల్లి ఫ్యాను ఎన్ని చుట్లు తిరిగిందో చూసి దూరం లెక్కకట్టేది. లెక్క పూర్తవగానే కిందికి దూకేది, ఆ ఊపులో ఇంధనం అందక ఇంజిన్ ఆగేది. మోత ఉన్నంతసేపు ఫర్వాలేదు, ఆగితేనే టెన్షన్. మా ఇంటావిడ వాళ్లమ్మ పిల్లల్ని బల్ల కిందికి తోసి ఒకటి, రెండు అని లెక్కపెట్టించేదట. పన్నెండు దాటితే అది మనది కాదు, ఇంకెవరిదో.

లండన్ మీద మొదటిది 1944 జూన్ 13న గ్రోవ్ రోడ్ రైలు వంతెన దగ్గర పడి ఆరుగురు పోయారు. అక్కడ ఆ సంగతి చెప్పే నీలం ఫలకం ఉంది. ఏడాదిపాటు ఆ వంతెన కిందనుంచే తిరిగాను, ఆవిడ చెప్పేదాకా తలెత్తి చూడలేదు!

ఇక వాడుక సంగతి. బజ్ బాంబ్ అన్నా ఇదే. వీ-2ని మాత్రం అలా అనరు. అది రాకెట్, శబ్దం కంటే వేగంగా వచ్చిపడేది, ముందు మోత వినిపించే ప్రశ్నే లేదు. అమెరికా వాళ్ల రాతల్లో డూడుల్‌బగ్ కనిపిస్తే నిజంగా పురుగే కావచ్చు: ఇసుకలో గరాటులాంటి గుంట చేసుకుని చీమల కోసం కాచుకునేది. మీరు అనువాదం చేస్తుంటే మొదటిసారి "డూడుల్‌బగ్ అనే ఎగిరే బాంబు" అని రాసి, తర్వాత డూడుల్‌బగ్ అనే ఉంచేయండి.