కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకు బిడ్డా

బిడ్డా,

ఉద్యోగం వదిలేసి ఈ వానాకాలం నుంచే మన మూడెకరాలు నువ్వే చేస్తానన్నావని మీ బాపు ఫోన్ చేశాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో మళ్లీ ఒకరు మడిలో దిగుతున్నారంటే నాకెంత సంతోషమో! కానీ మొదటి పంటకే యూరియా చిటికెడు కూడా వేయనన్నావట. అక్కడే నాకు టెన్షన్.

ముందు మట్టి పరీక్ష చేయించు. కాగితంలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన వేళ్లు, గడ్డి, పెంట నుంచి నేలలో మిగిలే కర్బనం, ఎంతో చూడు. అర శాతం లోపు ఉంటే తక్కువని లెక్క. మనది తక్కువే వస్తుంది. అది నా పాపమే, కింద రాస్తాను.

జగిత్యాల దగ్గర పొలాస పరిశోధన స్థానంలో 2000 నుంచి ఒకే నేలలో వరి మీద వరి వేస్తూ, ఏ మడికి ఏ ఎరువో మార్చకుండా చూస్తున్నారు. ఏమీ వేయని మడి కన్నా నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా వేసిన మడిలో కర్బనం మెరుగు. పైరు బలంగా పెరిగితే వేళ్లు, కోత తర్వాత నిలిచే వరి మొదళ్లు అంటే కొయ్యకాళ్లు నేలలో ఎక్కువ మిగులుతాయి కదా. వాటికి పశువుల ఎరువు కూడా తోడైన మడి అన్నిటికన్నా మేలు. అందుకే రసాయన ఎరువును విషమని తిట్టకు. ఒక్క యూరియానే నమ్ముకోవడం తప్పు.

లెక్క కూడా చూడు. నాలుగు టన్నుల పశువుల ఎరువులో ఉండే నత్రజని సుమారు 20 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలోనూ అంతే. పైగా పెంటలోది ఒక్క పంటకే అందదు, మెల్లగా దిగుతుంది. ఒక్కసారిగా మానేస్తే పైరు పసుపెక్కుతుంది, దిగుబడి పడుతుంది, నువ్వు అప్పు చేస్తావు. అప్పంటే నాకు భయం బిడ్డా. ఏటా కొంత తగ్గించుకుంటూ పో.

ఇక నా తప్పు. ఊళ్లోకి వరికోత మిషన్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఎడ్లను అమ్మేశాను, గడ్డి తినేవాళ్లు లేరు. యాసంగి కోత కాగానే ఒక మధ్యాహ్నం కొయ్యకాళ్లకు అగ్గిపుల్ల గీశాను. గాలి తిరిగింది. మీ తాత నాటిన గట్టు మీది వేపచెట్టు సగం మాడింది. మీ పెద్దమ్మ రెండేళ్లుగా తట్టలతో మోసి పేర్చిన పెంటకుప్ప మూడు రోజులు లోలోపలే రగిలింది. నేను బిందెలతో నీళ్లు పోస్తుంటే ఆమె గట్టు మీద కూర్చుని చూసింది. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మడి నిండా నల్లటి బూడిద చూసి ఇదే ఎరువనుకున్నాను. బూడిదలో పొటాష్ మిగులుతుంది. కర్బనం దాదాపు అంతా పొగలో పోతుంది, నత్రజనిలోనూ చాలా భాగం పోతుంది. కుప్ప లేదు గనక ఆ పంటకు యూరియా మీదే ఆధారపడ్డాను. ఆకు నల్లపచ్చగా తిరిగితే మురిసిపోయి ఇంకో బస్తా చల్లాను. పైరు మెత్తబడింది, రసం పీల్చే దోమ పట్టింది, ఈనిన తర్వాత గాలికి పడిపోయింది. అయినా బుద్ధి రాలేదు. ఆరేళ్లు కాల్చాను. మడి ఆరితే రాయిలా బిగుసుకునేది. అదే భూమి ఇప్పుడు నీ చేతికి వస్తోంది.

కాబట్టి ఎవరు తొందరపెట్టినా నిప్పు పెట్టనివ్వకు. కౌలుకు అడిగేవాడికీ, ట్రాక్టర్ డ్రైవర్‌కీ ముందే చెప్పు. ఎకరానికి ఒక సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) బస్తా చల్లి, నీళ్లు కట్టి, కొయ్యకాళ్లను కలియదున్ని రెండు మూడు వారాలు మురగనివ్వు. వెంటనే నాటు వేశావంటే మురిగే గడ్డే నత్రజనిని లాగేసుకుంటుంది. పచ్చి పెంట వేయకు, మాగనివ్వు. గొర్రెల మంద వస్తే నాలుగు రాత్రులు పొలంలో పెట్టించు.

పచ్చిరొట్ట ఎరువు కోసం ఎకరానికి పది కిలోల చొప్పున జీలుగ విత్తనం తెచ్చి అర్రలో పెట్టాను. తొలకరికి చల్లి, పూత మొదలవగానే దున్నేద్దాం. వచ్చేటప్పుడు టోపీ తెచ్చుకో, చిన్నప్పటి నుంచీ ఎండ తగిలితే నీకు తలనొప్పి. పెద్దమ్మ నీ కోసం సర్వపిండి చేస్తానంటోంది.

మీ పెద్దబాపు