కలంకారీ తెర ఫొటోలో ఒకవైపు చీకటిగా వస్తే

కిటికీ పక్క గోడకు కట్టి తీసిన కలంకారీ తెర ఫొటోలో ఎడమవైపు తెల్లగానూ కుడివైపు మసకగానూ వచ్చిందనీ, దానిని కంప్యూటరులో సరిచేయవచ్చా అనీ అడిగారు. సరిచేయవచ్చు, కానీ కంటి అంచనా మీద మాత్రం చేయకండి.

శ్రీకాళహస్తిలో మా పిన్ని వేసే తెరలను తిరుపతిలో మా వరండాలో ఫొటో తీస్తూ, మొదట్లో నేను మసకబారిన భాగాన్ని బ్రష్‌తో తెల్లబరిచేవాడిని. ఒకసారి ఆ ఫొటో చూసి పిన్ని, "ఏందిరా, ఉతికి ఆరేసిన పంచె మాదిరి ఉంది" అన్నది. కరక్కాయ, పాలు కలిపి అందులో నానబెట్టిన గుడ్డకు సహజంగానే లేత పసుపు ఛాయ ఉంటుంది. నేను దానిని నీడ అనుకుని తుడిచేశాను.

అప్పటి నుంచి, తెరను ఫొటో తీసిన వెంటనే, కెమెరాను స్టాండు మీద కదల్చకుండా, ఎక్స్‌పోజరు (ఫొటోకు అందే వెలుతురు మోతాదు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులను కుదిర్చే అమరిక) ఏవీ మార్చకుండా, తెర మీద దాని మేరకు మెరుపు లేని తెల్ల కాగితం పరచి ఇంకొక ఫొటో తీస్తున్నాను. కాగితంలో ఏ భాగమూ పూర్తిగా తెల్లబారిపోకుండా ఎక్స్‌పోజరును ముందే దానిని చూసి కుదుర్చుకోవాలి. జెరాక్స్ కాగితం వద్దు. తెల్లదనం కోసం దానిలో కలిపే రసాయనాల వల్ల పగటి వెలుతురులో నీలం ఛాయ కనిపించి, తెర మరింత పచ్చగా తేలుతుంది.

తరువాత ఫొటోలను సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో తెర ఫొటో పైన కాగితం ఫొటోను ఇంకొక లేయరుగా (పొరగా) పెట్టి, కాగితపు గరుకు కనిపించనంతగా గాసియన్ బ్లర్ (మసకబరిచే ఫిల్టరు) ఇచ్చి, లేయర్ మోడ్‌ను డివైడ్‌కు (భాగహారానికి) మార్చాలి. కాగితం మీద సగం వెలుతురే పడిన చోట తెర మీదా సగమే పడి ఉంటుంది కనుక, భాగించేసరికి ఆ తేడా పోయి గుడ్డ రంగు మిగులుతుంది. లెన్స్ వల్ల మూలల్లో వచ్చే చీకటి కూడా దీనితోనే పోతుంది. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవారికి రా ఫైళ్ల (కెమెరా మార్పులేవీ చేయకుండా దాచే ఫొటో ఫైళ్ల) కోసం ఇదే పని చేసే ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ ఉన్నది.

అయితే అద్దం బిగించిన పటం మీది మెరుపును ఈ పద్ధతి తీయలేదు. చీకటి మరీ ఎక్కువైతే సరిచేశాక ఆ వైపు ఇసుక చల్లినట్టు గింజలు తేలుతాయి. ఒకే బల్బు ఒక అంచుకు 2 అడుగుల దూరంలోనూ రెండో అంచుకు 4 అడుగుల దూరంలోనూ ఉంటే, దూరపు అంచుకు అందేది సుమారు నాలుగో వంతే. అందుకే ఒకే రకం బల్బులు రెండింటిని చెరోవైపు 45 డిగ్రీల కోణంలో, వీలైనంత దూరంగా పెట్టండి. కిటికీ వెలుతురే దిక్కయితే, మబ్బు అడ్డం రాకముందే రెండు ఫొటోలూ వెంటవెంటనే తీసేయండి.