జబ్బుకు మనింట్లో పెట్టుకున్న పేర్లు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

మానసిక జబ్బుల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అంది పన్నెండు రోజులైంది. ‘మనోవ్యాధికి మందు లేదు’ అన్న శీర్షిక చూడగానే కవరు పక్కన పెట్టేశాను. కోపం వచ్చింది. ఆ సామెతను నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మా చిన్నాన్నను డాక్టరుకు చూపిద్దామని నాన్న అన్నప్పుడల్లా మా అరుగు మీద ఎవరో ఒకరు ఆ మాట అనేవారు. అలా రెండేళ్ళు పోయాయి. అందరికీ తెలిసిన సామెత కదా అని నువ్వు పెట్టి ఉంటావు. లోపల మాత్రం మందుల గురించి మూడు పేజీలు రాశావు. మరి శీర్షిక అబద్ధం చెప్పడమెందుకు? ముందు అది తీసెయ్యి.

నిన్న మళ్ళీ తీసి చదివాను. తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను. ఓసీడీ, అంటే వద్దనుకున్నా చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు, దాని గురించి రాస్తూ, మధ్యలో నాలుగు వాక్యాలు మీ అమ్మ గురించి రాశావు. తాళం వేసి, వీధి చివరి దాకా వచ్చి, గ్యాస్ కట్టానో లేదో అని ఆవిడ వెనక్కి వెళ్ళడం. మళ్ళీ రావడం, మళ్ళీ వెళ్ళడం. నీ ఇంటర్ పరీక్షకు ఆలస్యం కావడం. ఆటోలో ఆవిడ నీ చెయ్యి పట్టుకుని, ‘కట్టే ఉందని నాకూ తెలుసే, అయినా నా వల్ల కావడం లేదు’ అనడం. ఆ వెంటనే ‘లక్షణాలు’ అని అంకెలు వేసుకుంటూ పట్టికలోకి వెళ్ళిపోయావు. పదహారు పేజీల్లో ప్రాణమున్నవి ఆ నాలుగు వాక్యాలే. వాటి కోసమే ఈ ఉత్తరం.

నేను నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్న సంగతి ఒకటుంది. జబ్బుల గురించి రాసేటప్పుడు జబ్బు పేరు చివర రావాలి. నువ్వు ‘యాంగ్జైటీ డిజార్డర్స్, మూడ్ డిజార్డర్స్, సైకోటిక్ డిజార్డర్స్’ అని గదులు కట్టి, ఒక్కో గదిలో లక్షణాలు సర్దావు. చదివేవాళ్ళు ఆ గదుల్లోకి రారు. అవి తమ ఇంటి సంగతులని వాళ్ళకు తెలియదు. ఎందుకంటే ఈ జబ్బులన్నిటికీ మన ఇళ్ళలో ఎప్పటి నుంచో వేరే పేర్లున్నాయి. ఆ పేర్ల చాటునే అవి పదేళ్ళూ ఇరవై ఏళ్ళూ దాక్కుంటాయి. నువ్వు ఆ పేరుతో మొదలుపెట్టి, అక్కడి నుంచి డాక్టరు పెట్టే పేరు దాకా చదివేవాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించాలి.

మీ అమ్మ సంగతే తీసుకో. దాన్ని మీ ఇంట్లో ఏమనేవారు? ‘చాదస్తం’ అని ఉంటారు. పంపు కింద చేతులు పగిలేదాకా కడుక్కుంటే ‘మడి’ అంటారు. దేవుడి ముందు నిలబడితే బూతు మాట మనసులోకి వచ్చి, అది పాపమని లెంపలు వేసుకుని, మళ్ళీ వస్తే మళ్ళీ వేసుకునే మనిషిని ‘భక్తి ఎక్కువ’ అంటారు. ఆ ఆలోచన ఆ మనిషికి ఇష్టమైనది కాదు. రమ్మనకుండా వస్తుంది, దాన్ని పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి చేయాలి, చేస్తే కాసేపు ఊరట, తర్వాత రెట్టింపు టెన్షన్. ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ ‘కట్టేశావులే, నేను చూశాను’ అని ప్రతిసారీ చెబుతుంటారు. అలా చెప్పడం వల్లే జబ్బు బలపడుతుంది. ఈ మాట నీ పట్టికలో లేదు. చదివేవాళ్ళకు అన్నిటికంటే అవసరమైనది అదే. ఓసీడీ చికిత్స గురించి మాత్రం ‘కౌన్సెలింగ్, మందులు’ అని రెండు ముక్కల్లో తేల్చేశావు. ఏ కౌన్సెలింగ్? భయపడే పనిని కొంచెం కొంచెంగా చేయించి, వెనక్కి వెళ్ళి చూసుకోకుండా ఆ భయం తగ్గేదాకా కూర్చోబెట్టే పద్ధతి ఒకటుంది. మందులు కూడా దీనికి రెండు మూడు నెలలు వాడితే గానీ గుణం తేలదు. ఇవి రాయి.

డిప్రెషన్‌కు మన ఇళ్ళలో పేరు ‘బద్ధకం’. కోడలైతే ‘ఒళ్ళు వంగదు’. పెద్దవాళ్ళయితే ‘వయసు మీద పడింది’. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, మళ్ళీ నిద్ర పట్టదు. అన్నం సయించదు. పక్కింటి పెళ్ళికి చీర తీయబుద్ధి కాదు. ఇలా రోజంతా, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్లు డిప్రెషనేమో అని చూస్తారు. నువ్వు ‘విచారంగా ఉండుట’ అని మొదటి లక్షణం రాశావు. మన ఆడవాళ్ళు విచారంగా ఉందని డాక్టరుకు చెప్పడం నేను ఎక్కువగా చూడలేదు. ‘ఒళ్ళంతా నొప్పులు, తల దిమ్ము, నీరసం’ అంటారు. బలానికని సెలైన్ ఎక్కించి పంపుతారు. అసలు మందు మొదలుపెట్టినవాళ్ళు కూడా వారానికే ‘ఏమీ తేడా లేదు’ అని మానేస్తారు. అది పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

పానిక్ అటాక్ పేరు ‘గ్యాస్’. గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఊపిరందక ఆసుపత్రికి పరుగెత్తుతారు. మొదటిసారి ఈసీజీ తీయించడం సరైన పనే. అది బాగుందని తేలాక ‘ఏమీ లేదు, టెన్షన్ పడకండి’ అని పంపేయడం సరైన పని కాదు. భయం పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి దిగిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో అన్న భయం మాత్రం మిగిలిపోతుంది. ఆ రెండో భయంతోనే మనిషి బస్సెక్కడం మానేస్తాడు.

బైపోలార్ అంటే కుంగుబాటూ, హద్దు మీరిన హుషారూ మారి మారి వచ్చే జబ్బు. అందులో ఉధృతి వైపు గురించి నువ్వు రాసింది బాగుంది. ఇంట్లోవాళ్ళు మొదట సంతోషిస్తారన్న మాట కూడా చేర్చు. ఆర్నెల్లుగా మంచం దిగనివాడు హుషారుగా తిరుగుతుంటే ఎవరు వద్దంటారు? రాత్రి రెండింటి దాకా వ్యాపారం కబుర్లు చెబుతాడు, నిద్ర లేకపోయినా అలసట ఉండదు, వారంలో మూడు చోట్ల అప్పు చేస్తాడు. పొలం కాగితాలు కనపడనప్పుడు గానీ ఇంట్లో అనుమానం రాదు. దీనికి లిథియం అనే మందు 1949 నుంచీ వాడుకలో ఉంది. వాడేటప్పుడు రక్తపరీక్షలు తప్పనిసరి.

రెండు సంగతులు నీ వ్యాసంలో అసలు లేవు. బాలింత, తాగుడు. పచ్చి బాలింతకు మొదటి రెండు వారాల్లో నిద్ర పూర్తిగా పోయి, బిడ్డ గురించి పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే ‘గాలి సోకింది’ అని తాయెత్తు కడతారు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన జబ్బు అది. రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే, రెండో రోజో మూడో రోజో చేతులు వణికి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తాడు. ‘మానేస్తే పిచ్చెక్కింది’ అని మళ్ళీ తాగిస్తారు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి, ఆసుపత్రిలో చూడాల్సింది.

ఇప్పుడు స్కిజోఫ్రీనియా, లేని గొంతులు వినిపించి, లేనివి నమ్మించే జబ్బు. దీని గురించి నీకు చెప్పాల్సింది ఎక్కువ ఉంది.

మా చిన్నాన్న జూట్ మిల్లులో గుమాస్తా. 1972లో ఆయనకు ఇరవై రెండేళ్ళు. ముందు స్నానం మానేశాడు. తర్వాత మిల్లు మానేశాడు. రేడియోలో వార్తలు తన గురించే చెబుతున్నారని రేడియోకు దుప్పటి కప్పేవాడు. ‘గాలి’ అన్నారు. వేపమండలతో కొట్టారు. ఊరి మీద పడతాడని పశువుల సాలలో గుంజకు కట్టేశారు. నేనే ఆయనకు పళ్ళెం తీసుకెళ్ళేదాన్ని. నాకు పన్నెండేళ్ళు. ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. రెండేళ్ళకు నాన్న ఎవరి మాటా వినకుండా విశాఖ తీసుకెళ్ళారు. బిళ్ళలకు చేతులు వణికేవి, నోరు ఎండిపోయేది, అందుకని ఆయనే ఒకసారి మానేశాడు. జబ్బు తిరగబెట్టింది. తర్వాత నెలకో ఇంజెక్షన్ మీద నిలబడ్డాడు. ‘ఆ గొంతులు పోయాయా?’ అని పెద్దయ్యాక అడిగాను. ‘పోలేదు. ఇదివరకు నా చెవిలో అరిచేవి. ఇప్పుడు పక్కింట్లో రేడియోలాగా వినపడతాయి, నా పని నేను చేసుకోవచ్చు’ అన్నాడు. మా మేనమామ కిరాణా కొట్లో ముప్పై ఏళ్ళు పంచదార, పప్పులు తూచాడు. లెక్క ఒక్కసారీ తప్పలేదు. డెబ్భై ఒకటో ఏట షుగరుతో పోయాడు.

1987లో ఇదే కథగా రాశాను. చివర ఆయన కొట్లో పంచదార తూస్తుంటాడు. అప్పట్లో పెద్ద పేరున్న ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని తిప్పి పంపాడు. ‘పిచ్చివాడు బిళ్ళలు మింగి బాగుపడితే పాఠకుడికి ఏం మిగులుతుందమ్మా? అతన్ని చంపేయండి, కథ నిలబడుతుంది’ అని రాశాడు. అప్పటికి నావి రెండు కథలే అచ్చయ్యాయి. మార్చి పంపాను. బొమ్మతో సహా వేశారు, మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. చిన్నాన్నకు చదవడం వచ్చని ఆ సంపాదకుడికి తెలియదు, నేను మరిచిపోయాను. పత్రిక మడిచి నా చేతిలో పెట్టి, ‘నన్నెందుకే చంపేశావు?’ అన్నాడు. ఆ కథను నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఆ సంపాదకుణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

ఆ ఫ్యాషన్ ఇంకా పోలేదు. ఇప్పుడు కథ చివర ఒక మలుపు కోసం ‘ఆ ఇద్దరూ ఒకరే’ అని తేల్చి, దానికి స్కిజోఫ్రీనియా అని పేరు పెడుతున్నారు. మొన్న ఒక పోటీకి వచ్చిన కథల్లో అలాంటివి ఐదు చదివాను. నువ్వూ పన్నెండో పేజీలో ‘రెండు వ్యక్తిత్వాలు’ అని రాశావు. స్విట్జర్లాండ్ డాక్టరు యూజెన్ బ్లాయిలర్ 1908లో ఆ పేరు పెట్టినప్పుడు, ఆలోచనకూ అనుభూతికీ మధ్య పొందిక చీలిపోవడం అన్న అర్థంలో పెట్టాడు. ఒక ఒంట్లో ఇద్దరు మనుషులని కాదు. కొట్టెయ్యి. ‘పిచ్చివారు’ అన్న మాట మూడు చోట్ల వాడావు, వాటినీ కొట్టెయ్యి. మానసిక ఆసుపత్రి ఉన్నందుకు హైదరాబాదులో ‘ఎర్రగడ్డ’ అనీ, విశాఖలో ‘చినవాల్తేరు’ అనీ ఊరి పేర్లనే తిట్లుగా మార్చుకున్నాం. ఆ తిట్టు పడుతుందన్న భయంతోనే ఎంతోమంది ఆ గేటు దాటరు.

గొలుసుల గురించి నువ్వు ‘పూర్వకాలంలో’ అని రాశావు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర పాకలు అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. అది పూర్వకాలం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే గానీ శిక్షించకూడదనీ అదే చట్టం చెప్పింది. ఆత్మహత్యల భాగంలో ఎలా చేశారన్న వివరం ఒక్క ముక్క కూడా రాయకు. దాని బదులు మానసిక సాయం కోసం పెట్టిన ఫోన్ నంబరు 14416 రాయి. టెలీ మానస్ అంటారు. ఉచితం, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రపంచంలో ప్రతి 8 మందిలో ఒకరికి మానసిక సమస్య ఉందన్న లెక్క ఇచ్చావు. అది 2019 నాటి లెక్క అని చెప్పి ఉండనీ. మన దేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అప్పుడు తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. మన రెండు రాష్ట్రాలూ వాటిలో లేవు. అది కూడా రాయి.

పట్టికను మరీ అంత నమ్మకు. అమెరికా మనోవైద్యుల సంఘం 1973 దాకా స్వలింగ ప్రేమను రోగమనే రాసుకుంది, తర్వాత తీసేసింది. పట్టికలు డాక్టర్లకు కావాలి, కాదనను. నువ్వు డాక్టరువి కాదు.

కలం పేరు పెట్టుకోనా అని అడిగావు. నీ పేరు కంటే ముందు మీ అమ్మ సంగతి చూడు. ఆ నాలుగు వాక్యాలు ఆవిడవి. వ్యాసమంతా వాటి మీదే కట్టమంటున్నాను కాబట్టి, రాసిందంతా ముందు ఆవిడకు చదివి వినిపించు. ఏ వాక్యం వద్దంటే అది తీసెయ్యి, నాకు చెప్పనక్కర్లేదు. వేరే మనిషిగా మార్చమంటే మార్చు. నేను మా చిన్నాన్నను అడగలేదు.

ఇంకొకటి. పదహారు పేజీలూ రెండుసార్లు వెతికాను, ఆవిడను ఎవరికైనా చూపించారో లేదో ఎక్కడా లేదు. వ్యాసం తిరగరాయడం నెమ్మదిగా చేద్దువుగాని. ఆ ఒక్క సంగతి మాత్రం ఈ ఉత్తరం అందగానే రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటిది