మసాచుసెట్స్‌లో పాత ఫైర్‌ప్లేస్‌లో వుడ్ స్టవ్ ఇన్సర్ట్ పెట్టాలంటే పర్మిట్ కావాలా?

కావాలి. ఇటుక ఫైర్‌ప్లేస్ ఎలాగూ ఉంది కాబట్టి అందులో ఇన్సర్ట్ (ఫైర్‌ప్లేస్ లోపల బిగించే కట్టెల స్టవ్) పెట్టడానికి పర్మిట్ అక్కర్లేదని మీ కాంట్రాక్టర్ అన్నాడని రాశారు. మా ఇంటికి మొదట వచ్చినాయన కూడా అదే మాట అన్నాడు, మేం ఆయన్ని వదిలేసి వేరేవాళ్లకి పని ఇచ్చాం. ఈ రాష్ట్రంలో కట్టెల స్టవ్ కొత్తగా పెట్టినా, పాతది తీసి ఇంకోటి పెట్టినా బిల్డింగ్ పర్మిట్ ఉండాల్సిందే. ఇచ్చేది మీ టౌన్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్. రాష్ట్రంలో 351 టౌన్లు, సిటీలు ఉన్నాయి, బిల్డింగ్ కోడ్ (కట్టడాల నిబంధనలు) అంతటా ఒకటే కానీ ఫీజు, ఫారం, ఆన్‌లైన్‌లో పెట్టాలా కాగితం తీసుకెళ్లాలా అన్నవి మాత్రం ఎవరివి వాళ్లవే, కాబట్టి ష్రూస్‌బరీలో ఉన్న ఫ్రెండ్ చెప్పిన పద్ధతి హాప్కింటన్‌లో నడవకపోవచ్చు. నేరుగా మీ టౌన్ హాల్‌కి ఫోన్ చేసి అడగండి, ఓపిగ్గానే చెప్తారు.

పర్మిట్ ఎవరి పేరు మీద తీసుకోవాలన్నది చాలామంది పట్టించుకోరు. సొంతింట్లో ఉంటున్న ఓనర్ తన పేరు మీదే తీసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ కాంట్రాక్టర్‌తో పని చేయిస్తూ "మీ పేరు మీద తీసుకోండి, ఖర్చు తగ్గుతుంది" అంటే ఒప్పుకోకండి. అలా తీసుకుంటే, రేపు పని చెడిపోయి ఆయన ఫోన్ ఎత్తకపోయినప్పుడు రాష్ట్రం ఇచ్చే మధ్యవర్తిత్వం, గ్యారంటీ ఫండ్ (కాంట్రాక్టర్ వల్ల నష్టపోయిన ఓనర్లకి పరిహారం ఇచ్చే నిధి) రెండూ మీకు వర్తించవు. ఈ మాట అప్లికేషన్ ఫారం మీదే రాసి ఉంటుంది, సంతకం పెట్టే హడావుడిలో ఎవరూ చదవరు. ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్‌తో పాటు కట్టెల స్టవ్‌లు బిగించే పనికి విడిగా స్పెషాలిటీ లైసెన్స్ ఉంటుంది. రెండు నంబర్లూ అడగండి. ఇవ్వడానికి నసిగితే ఇంకొకరిని చూసుకోవడమే మంచిది.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన ఊళ్లో కట్టెల పొయ్యి ఇటుక గోడ పక్కన, మట్టి నేల మీద ఉండేది. ఇక్కడి ఇల్లు చెక్కతో కట్టింది, గోడకి పైన కనిపించేది అర అంగుళం షీట్‌రాక్ (జిప్సం బోర్డు), దాని వెనక అంతా కలపే. ఏళ్ల తరబడి వేడి తగిలిన కలప క్రమంగా తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది, అది బయటికి కనిపించదు. అందుకే స్టవ్‌కీ మంట అంటుకునే ప్రతిదానికీ మధ్య దూరం అంత ముఖ్యం. టెస్టింగ్ అయిన స్టవ్‌కి ఆ దూరం ఎంతో వెనక లేబుల్ మీద, మాన్యువల్‌లో ఉంటుంది, లేబుల్ లేనిదానికి 36 అంగుళాలు వదలాలి. స్టవ్ నుంచి చిమ్నీకి వెళ్లే ఒకే పొర (సింగిల్ వాల్) పైపుకైతే 18 అంగుళాలు. మనవాళ్లు కొందరు గోడకి గ్రానైట్ అతికిస్తే చాలనుకుంటారు, కానీ షీట్‌రాక్ మీద నేరుగా అతికించిన రాయి వేడిని వెనకున్న కలపకి చేరవేస్తుంది, దూరం ఒక్క అంగుళం కూడా తగ్గదు. తగ్గించాలంటే గోడ ముందు లోహపు రేకు పెట్టి, దానికీ గోడకీ మధ్య అంగుళం గాలి ఆడే ఖాళీ వదలాలి. పాత సెకండ్ హ్యాండ్ స్టవ్ చవగ్గా వస్తోందని కొనేముందు లేబుల్ చూడండి, 2020 మే నుంచి అమ్మే కొత్త స్టవ్‌లకి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) పొగ పరిమితి గంటకి 2 గ్రాములు (మామూలు కట్టెలతో టెస్ట్ చేస్తే 2.5). సర్టిఫికేషన్ లేనిది ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక చిమ్నీ. నన్నడిగితే స్టవ్ మోడల్ ఎంచుకోకముందే దీని సంగతి తేల్చుకోవాలి. కొత్త స్టవ్ కలుపుతున్నప్పుడు చిమ్నీల భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రకారం లెవెల్ 2 తనిఖీ చేయాలి, అంటే లోపలికి కెమెరా దించి చూస్తారు. మా ఇల్లు అరవైలలో కట్టింది, కింది నుంచి టార్చ్ వేసి చూస్తే చిమ్నీ బాగానే ఉన్నట్టు కనిపించింది, కెమెరాలో మాత్రం లోపలి గోడకి ఉండే మట్టి పెంకులు రెండు చోట్ల పగిలి ఉన్నాయి. దాంతో ఇన్సర్ట్ దగ్గర నుంచి పైకప్పు దాకా చిమ్నీ లోపల 6 అంగుళాల స్టీల్ లైనర్ (పొగ వెళ్లే గొట్టం) వేయించాం. పెంకులు పగలకపోయినా లైనర్ వేయించడమే నయం, ఫైర్‌ప్లేస్ గొట్టం మరీ వెడల్పు కావడంతో పొగ అందులో చల్లారిపోయి క్రియోసోట్ (మంట అంటుకునే తారు లాంటి మసి) పేరుకుంటుంది, చిమ్నీలో మంటలు లేచేది దానివల్లే. ఒకే చిమ్నీలో ఆయిల్ బాయిలర్ గొట్టం కూడా ఉంటే రెండూ విడివిడిగా ఉన్నాయో లేదో చూపించమనండి. చిమ్నీ ఎత్తు పైకప్పుని దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎక్కువ ఉండాలి.

అప్లికేషన్‌తో పాటు స్టవ్ మాన్యువల్, లైనర్ వివరాలు, కాంట్రాక్టర్ లైసెన్స్, ఇన్సూరెన్స్ కాగితాలు ఇవ్వాలి. 30 రోజుల్లోపు టౌన్ ఏదో ఒకటి తేల్చాలి, మాకు అంతకన్నా ముందే వచ్చింది. పర్మిట్ కార్డు బయటికి కనిపించేలా కిటికీకి పెట్టాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మాన్యువల్ తెరిచి అందులో ఉన్న కొలతలే టేపుతో చూశాడు, అందుకే మాన్యువల్ పారేయకండి. ఇన్సర్ట్ చుట్టూ ఉన్న ఖాళీని ముందు పలకతో మూసేయకముందే లైనర్ అతుకు చూస్తానన్నాడు, ఈ సంగతి మీ టౌన్‌లో ఎలాగో ముందే అడిగి పెట్టుకుంటే మూసింది మళ్లీ విప్పే పని ఉండదు.

ఇన్‌స్పెక్టర్ కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారంలు కూడా అడిగాడు. 2005లో ఈ రాష్ట్రంలోనే ప్లిమత్‌లో ఇంటి హీటింగ్ పొగ బయటికి పోయే గొట్టాన్ని మంచు మూసేసి, ఆ వాయువు వల్ల ఏడేళ్ల పాప చనిపోయింది, ఆ పాప పేరు మీదే నికోల్స్ లా వచ్చింది. దాని ప్రకారం అలారం ప్రతి అంతస్తులో ఒకటి, పడగ్గదికి పది అడుగుల్లోపు ఒకటి ఉండాలి. ఇంట్లో పిల్లలూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ ఉంటే టౌన్ అడిగేదాకా ఆగకండి, ఈరోజే కొని పెట్టండి.

పర్మిట్ లేకుండా పెట్టినా ఎవరికి తెలుస్తుంది అని కూడా అడిగారు. ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు, వుడ్ స్టవ్ ఉందని చెప్పగానే మాకు ఫైనల్ సంతకం అయిన పర్మిట్ కాపీ పంపమన్నారు. రేపు ఇల్లు అమ్మితే కొనేవాళ్ల తరఫు ఇన్‌స్పెక్టర్ చూసే మొదటి వాటిలో ఇదొకటి. అన్నిటికన్నా ముందు, రాత్రి దాని పక్కనే నిద్రపోయేది మీ వాళ్లే. కాంట్రాక్టర్ దాటవేసినా ఇంకొకరు కొలిచి చూశారన్న నమ్మకానికి ఆ కాస్త ఫీజు ఎక్కువేం కాదు.

ఈ చలికాలానికే కావాలనుకుంటే చిమ్నీ తనిఖీకి ఆగస్టులోనే బుక్ చేసుకోండి, అక్టోబర్ వచ్చేసరికి వాళ్లు దొరకడం కష్టం. కట్టెలు మాత్రం అప్పటికే బాగా ఎండినవే తెచ్చుకోండి, తేమ 20 శాతం కన్నా తక్కువ ఉండాలి, కొలిచే మీటర్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది.