పరలోక నిరీక్షణకు, ఇంటి బాధ్యతకు మధ్య నలుగుతున్న ఒక సహోదరికి

ప్రశ్న: మా వివాహమై 16 ఏళ్ళయింది. ఏడాది క్రితం మా మరిది ఉన్నట్టుండి ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. అప్పటి నుంచి మా వారికి పరలోకం తప్ప వేరే ధ్యాస లేదు. ఉద్యోగానికి వెళ్ళి వస్తారు గానీ ఇంటి లెక్కలు, పిల్లల చదువు, నా ఆరోగ్యం ఏదీ పట్టదు. పెద్దమ్మాయి పై చదువు సంగతి ఎత్తితే, “మనం ఈ లోకంలో యాత్రికులం, ప్రభువు రెండో రాకడ దగ్గరపడింది, ఇంత ముందుచూపు ఎందుకు?” అంటారు. మొన్న కరెంటు బిల్లు కోసం ఇల్లంతా వెతికితే, గడువు దాటిపోయాక, ఆయన బైబిలులో ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం దగ్గర గుర్తుగా పెట్టి కనిపించింది. కేకలు వేశాను. ఆ తరువాత నేనే లోకసంబంధినేమో, నాలోనే నిరీక్షణ చల్లారిందేమో అన్న భయంతో రాత్రంతా నిద్ర పట్టలేదు.

జవాబు: సహోదరీ, మీ ఉత్తరం చదువుతూ, ఆ బిల్లు దొరికిన పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ అధ్యాయం నాలుగో వచనంలో దేవుడు తన ప్రజల కన్నీటిని తానే తుడిచివేస్తాడని, ఇక మరణం ఉండదని, దుఃఖమూ ఏడ్పూ వేదనా ఉండవని ఉంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి రోజూ ఆ పేజీనే తెరుస్తున్నారంటే, ఆయన బాధ్యతలను చిన్నచూపు చూస్తున్నారని నాకు అనిపించలేదు. ఆయనకు ఇంకా ఏడుపు తీరలేదు. దుఃఖాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియని మనిషి దాన్ని వాక్యంలో దాచుకోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. అందుచేత ఇది భక్తికీ లౌకికానికీ మధ్య తగవుగా కాక, ఇంకా మానని గాయంగా చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

ముందు మీ భయం సంగతి చెబుతాను. యాత్రికులం, పరదేశులం అనే మాట మీ వారు హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం నుంచే తీసుకుని ఉంటారు. అక్కడ ఆ మాటకు నిలువెత్తు సాక్షిగా కనిపించేది అబ్రాహాము. దేవుడు కట్టిన పట్టణం కోసం ఎదురుచూస్తూ గుడారాల్లో బ్రతికిన మనిషి. అదే అబ్రాహాము ఆదికాండం 23వ అధ్యాయంలో భార్య శారా చనిపోయినప్పుడు ఏమి చేశాడో ఒకసారి నెమ్మదిగా చదవండి. ఆమె కోసం అంగలార్చాడు, ఏడ్చాడు. ఆ తరువాత మృతదేహం ఎదుటి నుంచి లేచి, ఊరివారితో మర్యాదగా మాట్లాడి, సమాధి కోసం పొలం బేరం కుదుర్చుకుని, 400 తులాల వెండిని అందరి ఎదుట తూచి ఇచ్చాడు. మరుసటి అధ్యాయంలో కొడుకు పెండ్లి సంగతి చూశాడు. పరలోక పట్టణం కోసం కనిపెట్టిన ఆ మనిషే వెండిని సరిగ్గా తూచి ఇచ్చాడు. ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. కాబట్టి బిల్లు గడువు గుర్తుపెట్టుకున్నందుకు, పిల్ల చదువును గురించి రాత్రి ఆలోచించినందుకు మీలో నిరీక్షణ చల్లారిందని అనుకోకండి. ఈ ఏడాదంతా ఇద్దరు మోయవలసిన బరువును మీరొక్కరే మోశారు. అలసిన మనిషి కేక వేయడం తప్పే అయినా, దానికి క్షమాపణ చెప్పుకుంటే చాలును. విశ్వాసాన్నే శంకించుకోవలసినంతటిది కాదు.

కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు ఉన్న 15 కీర్తనలకు యాత్రకీర్తనలని పేరు. యెరూషలేముకు ఎక్కి వెళ్ళే భక్తులు దారిలో వీటిని పాడుకునేవారని చెబుతారు. ఆ పాటల్లో దేవుని మందిరం మీద కోరిక ఉంది, కొండలవైపు చూసే చూపు ఉంది. వాటి నడుమనే 127, 128 కీర్తనల్లో ఇల్లు కట్టేవారి ప్రయాస, చేతుల కష్టార్జితం, భోజనపు బల్ల చుట్టూ ఒలీవ మొక్కల్లాగా కూర్చున్న పిల్లలు ఉన్నారు. యాత్ర చేస్తున్నవారు ఇంటిని మరచిపోలేదు, ఇంటిని పాటలో పెట్టుకుని నడిచారు. మీ ఇంట కుటుంబ ప్రార్థన జరుగుతూ ఉంటే, కొన్నాళ్ళపాటు ఈ కీర్తనలను రోజుకొకటి చొప్పున పిల్లల చేత చదివించండి. వ్యాఖ్యానం వద్దు, ముఖ్యంగా మీ వారి వైపు చూస్తూ వ్యాఖ్యానం అసలే వద్దు.

తన ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాస త్యాగం చేసినవాడని 1 తిమోతి 5:8లో ఉన్న మాట మీకు తెలిసే ఉంటుంది. ఆ మాట సత్యం. అయినా ఇప్పుడు మీ నోటి నుంచి ఆయన చెవిన పడితే అది రాయిలా తగులుతుందని నా భయం. మొదట ఆయన తమ్ముణ్ణి గురించి అడగండి. చిన్నప్పుడు ఇద్దరూ ఎలా ఉండేవారో, ఆఖరిసారి ఏమి మాట్లాడుకున్నారో, చెప్పలేకపోయిన మాట ఏదైనా మిగిలిపోయిందో అడగండి. ఆయన ఏడిస్తే ఓదార్పు వాక్యం చెప్పడానికి తొందరపడకండి. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, మరికాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని ఎరిగిన యేసుప్రభువు కూడా ముందు కన్నీళ్ళు విడిచాడు.

ఆ మాటలు జరిగిన కొన్ని రోజుల తరువాత, వారానికి ఒక సాయంత్రం ఒక గంట ఇంటి పనులకని ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. చిన్న ప్రార్థనతో మొదలుపెట్టి, బిల్లులు, ఫీజులు, మందులు బల్ల మీద పెట్టుకుని చూడండి. అన్నీ ఒకేసారి ఆయనకు అప్పగించవద్దు. ముందుగా ఒక్క పని, ఉదాహరణకు కరెంటు బిల్లు కట్టే బాధ్యత, పూర్తిగా ఆయనదని ఒప్పుకోండి, మధ్యలో గుర్తు చేయకుండా ఉండగలిగితే మరీ మంచిది. మీ ఆరోగ్యం సంగతి మాత్రం ఆ గంట కోసం ఆపకండి, ఈ వారమే వైద్యుణ్ణి కలవండి.

పెద్దమ్మాయి చదువు విషయంలో ఆయన ఆలోచించదగిన మాట యిర్మీయా 29వ అధ్యాయంలో ఉంది. బబులోనుకు చెరగా వెళ్ళినవారు 70 ఏళ్ళ తరువాత తిరిగి వస్తారని దేవుడు వాగ్దానం చేస్తూనే, అంతవరకు ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెండ్లిండ్లు చేయండి అని యిర్మీయా ప్రవక్త చేత వారికి ఉత్తరం పంపించాడు. ఈ మాట మీరు చెప్పేకంటే, ఆయన గౌరవించే సంఘ కాపరి గానీ, వయసులో పెద్దవారైన విశ్వాసి గానీ ఏకాంతంగా కూర్చుని చెబితే మేలు. తండ్రి మాటల వల్ల తన భవిష్యత్తుకు విలువ లేదని ఆ పిల్ల అనుకుంటూ ఉండవచ్చు. మీరు ఆమెతో విడిగా మాట్లాడి, నాన్న దుఃఖంలో ఉన్నారని, దరఖాస్తు పని ఆగదని స్పష్టంగా చెప్పండి.

ఇక మీరు వ్రాయనిది ఒకటి అడగాలి. “నేనూ వెళ్ళిపోతే బాగుండును, తమ్ముడి దగ్గరికి పోవాలని ఉంది” అన్న మాటలు ఆయన నోట వస్తున్నాయా? నిద్ర, ఆకలి తగ్గాయా? అటువంటి మాట వస్తే దాన్ని భక్తిగా భావించి వదిలేయకండి. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగండి. అలా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆయనను ఒంటరిగా వదలకుండా, ఆ రోజే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. వైద్యుని దగ్గరకు వెళ్ళడం విశ్వాస లోపమని ఎవరైనా అంటే, 1 రాజులు 19వ అధ్యాయం చూపించండి. ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించలేదు. నిద్రపోనిచ్చి, లేపి, కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ నిద్రపోనిచ్చి, రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, లేచి భోజనం చేయమన్నాడు.